చింతపిక్కల పందెం: మహిళల ఫుట్‌బాల్ క్వాలిఫయర్లను అంచనా వేసే పద్ధతి

ముందే చెబుతున్నాను, ఈ పందెంలో రూపాయి ఉండదు. పది చింతపిక్కలు, మూడు గిన్నెలు, ఒక రూళ్ల పుస్తకం, ఇంతే సరంజామా. ఒక జట్టు గెలుపు, డ్రా, ఎదుటి జట్టు గెలుపు, ఇలా ఫలితానికో గిన్నె. దేని మీద ఎంత నమ్మకముంటే అందులో అన్ని పిక్కలు వేయాలి. భీమవరం చుట్టుపక్కల పుట్టి, సంక్రాంతి మూడు రోజులూ బరి చుట్టూ పైపందేలు ఎలా పెరిగిపోతాయో చిన్నప్పటి నుంచి చూసినవాడు ఇలా అంటే నవ్వేవాళ్లు ఉంటారు. నవ్వనివ్వండి. డబ్బు పక్కన పెట్టాకే ఈ ఆటలో బుర్రకు పని దొరుకుతుంది. ఎందుకో లెక్క వేసి మరీ చూపిస్తాను.

నాకు ఆకివీడు వైపు రెండు రొయ్యల చెరువులు ఉన్నాయి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ వేళలో ఏరియేటర్లు ఆగితే పంట మొత్తం పైకి తేలుతుంది. కరెంటు పోయిన మరుక్షణం జనరేటర్ వేయడానికి మనిషి మెలకువగా ఉండాలి. అలా గట్టు మీద మకాంలో మేలుకుని కూర్చున్నవాడికి, యూరప్‌లో రాత్రి భోజనాల వేళ మొదలై మనకు అర్ధరాత్రి దాటాక ముగిసే మ్యాచ్‌లు సరిగ్గా సరిపోతాయి. పురుషుల ఫుట్‌బాల్ మీద ఊరందరికీ అభిప్రాయాలు ఉన్నాయి. మహిళల క్వాలిఫయర్లను, అంటే పెద్ద టోర్నీలో చోటు కోసం ఆడే అర్హత మ్యాచ్‌లను, పట్టించుకునేవాళ్లే లేరు. కాస్త ఓపిగ్గా చదివినవాడికి ఇక్కడ పైచేయి దొరుకుతుందని వీటిని పట్టుకున్నాను.

మా పందెంలో నలుగురం. నేను, మేత దుకాణం నడిపే మా బావ, మా సెక్షన్ లైన్‌మన్ గారు, ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనకోడలు. లెక్కల పుస్తకం ఆమె దగ్గరే ఉంటుంది. మా ముగ్గురినీ ఆమె నమ్మదు.

ముందు పట్టిక, తరవాతే జట్లు

కొత్తవాళ్లు మొదట అడిగేది ఏ జట్టు గొప్పదని. అది రెండో ప్రశ్న. ఈ మ్యాచ్‌లో ఎవరికి ఏమి కావాలన్నది మొదటి ప్రశ్న. క్వాలిఫయర్‌కూ, ఏ టోర్నీ లెక్కలోకీ రాని ఫ్రెండ్లీకీ తేడా అక్కడే ఉంది. గెలిస్తే చాలునా, డ్రా సరిపోతుందా, గోల్స్ కూడా కూడబెట్టాలా అన్నది తెలియకుండా పిక్క వేయకూడదు.

2026 మహిళల ఆసియా కప్‌కు జరిగిన క్వాలిఫయర్లనే తీసుకోండి. మొత్తం 12 స్థానాలు. ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాకూ, 2022లో మొదటి మూడు స్థానాల్లో నిలిచిన చైనా, దక్షిణ కొరియా, జపాన్‌లకూ నేరుగా చోటు దక్కింది. మిగిలిన ఎనిమిది స్థానాలకు ఎనిమిది గ్రూపులు. ఒక్కో గ్రూపులో మొదటి జట్టుకే ప్రవేశం, రెండో స్థానానికి ఏమీ లేదు. భారత్ ఉన్న గ్రూపు మ్యాచ్‌లన్నీ 2025 జూన్, జులై నెలల్లో థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో జరిగాయి. మనవాళ్లు మంగోలియాను 13-0తో, తిమోర్ లెస్తెను 4-0తో, ఇరాక్‌ను 5-0తో ఓడించారు. ఈ మూడు స్కోర్లు చూసి ఊరికే సంబరపడేవాడు పాయింట్ల పట్టిక చదవనివాడు. థాయ్‌లాండ్ కూడా తన మూడు మ్యాచ్‌లూ గెలిచింది. జులై 5న ఈ రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడేసరికి ఇద్దరికీ 9 పాయింట్లే, గోల్స్ తేడా (కొట్టినవాటిలోంచి ఇచ్చినవి తీసేస్తే మిగిలేది) కూడా ఇద్దరికీ 22. డ్రా అయినా ఆ రెండు అంకెలూ సమానంగానే ఉండిపోతాయి. అంటే డ్రాతో సర్దుకుందామన్న నిబ్బరం ఎవరికీ లేని మ్యాచ్ అది. అలాంటప్పుడు డ్రా గిన్నెలో ఎక్కువ పిక్కలు వేయడం దండగ.

దీనికి సరిగ్గా ఎదురైన సంగతి 2019 ఏప్రిల్‌లో మయన్మార్‌లోని మాండలేలో జరిగింది. ఒలింపిక్ క్వాలిఫయర్ రెండో దశ చివరి మ్యాచ్‌లో భారత్, మయన్మార్ 3-3తో సమంగా నిలిచాయి. గోల్స్ తేడా మెరుగ్గా ఉన్నందువల్ల మయన్మార్ ముందుకు వెళ్లింది. మనం గెలిచి తీరాలి, వాళ్లకు డ్రా చాలు. అటువంటి మ్యాచ్‌లో డ్రా గిన్నె బరువెక్కాలి. రెండు జట్ల బలం ఒకటే అనుకున్నా, అవసరం మారితే పిక్కల పంపకం మారుతుంది.

అందుకే టోర్నీ నియమాల్లో ఒక్క పేజీ తప్పక చదవండి. పాయింట్లు సమానమైతే ముందు గోల్స్ తేడా చూస్తారా, ముఖాముఖి ఫలితం చూస్తారా అన్నది టోర్నీని బట్టి మారుతుంది. మా బావ ఆ పేజీ ఎప్పుడూ చదవడు.

ర్యాంకు కాదు, పాయింట్లు

థాయ్‌లాండ్‌తో ఆడేనాటికి భారత్ ర్యాంకు 70, థాయ్‌లాండ్ ర్యాంకు 46. పైగా మ్యాచ్ వాళ్ల దేశంలో. వాళ్లు 2015, 2019 ప్రపంచ కప్‌లు ఆడిన జట్టు. సంగీతా బాస్ఫోర్ రెండు గోల్స్ కొట్టింది, భారత్ 2-1తో గెలిచింది. క్వాలిఫయర్లు ఆడి భారత మహిళలు ఆసియా కప్‌కు అర్హత సాధించడం అదే మొదటిసారి. ఆ రాత్రి నేను మేత లెక్క రాయడం మరిచిపోయి మా లైన్‌మన్ గారికి ఫోన్ చేశాను. ఆయన ఎక్కడో స్తంభం దగ్గర ఉన్నారు, "కాస్త ఆగండి, ఫ్యూజు వేసి మాట్లాడతాను" అన్నారు.

సరే, ర్యాంకుల సంగతికి వద్దాం. ర్యాంకు వరస చెబుతుంది గాని దూరం చెప్పదు. 46కూ 70కీ మధ్య 24 మెట్లు ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక్కోచోట పాతిక మెట్లంటే పెద్ద అగాధం, ఒక్కోచోట అన్ని మెట్లకూ కలిపి జానెడు తేడా. కాబట్టి ర్యాంకు పక్కన రాసి ఉండే పాయింట్లు చూడండి. ఫిఫా మహిళల ర్యాంకింగ్ 2003 నుంచి ఉంది. చదరంగంలో వాడే ఎలో పద్ధతి మీద కట్టిన లెక్క అది. ఫ్రెండ్లీల కంటే క్వాలిఫయర్లకు ఎక్కువ బరువు ఇస్తుంది, ఎన్ని గోల్స్ తేడాతో గెలిచారో చూస్తుంది, సొంత మైదానంలో ఆడే జట్టుకు 100 పాయింట్లు కలుపుతుంది.

ఎలో లెక్కలో రెండు జట్ల మధ్య 100 పాయింట్ల తేడా ఉంటే బలమైన జట్టు గెలుపు వాటా నూటికి 64. తేడా 200 అయితే 76, 400 అయితే 91. ఈ మూడు అంకెలూ అట్ట వెనక రాసిపెట్టుకుంటే చాలు. ఈ వాటాలో డ్రా కూడా సగం కలిసి ఉంటుంది, కాబట్టి గెలుపు గిన్నెలో వేసేటప్పుడు కొంచెం తగ్గించాలి. పాయింట్ల తేడా తీసి, సొంత మైదానం వాళ్లకు 100 కలిపి, వచ్చిన వాటాను పిక్కల్లోకి మార్చండి. అక్కడి నుంచి పట్టిక అవసరాన్ని బట్టీ, జట్టు వార్తలను బట్టీ ఒకటో రెండో పిక్కలు అటూ ఇటూ జరపండి. అంతకంటే ఎక్కువ జరపాలనిపిస్తే అది మీ అభిమానం మాట్లాడుతున్నట్టు. భారత్ ఆడుతున్నప్పుడు నేను రెండు పిక్కలకు మించి జరపకుండా మా మేనకోడలు కాపలా కాస్తుంది. "మామయ్యా, నిజామాబాద్ అమ్మాయి సౌమ్య ఆడుతోందని పిక్క పెంచకూడదు, ఆడుతున్న తీరు చూసి పెంచాలి" అంటుంది. గుగులోత్ సౌమ్య మీద నాకున్న అభిమానం ఇంట్లో అందరికీ తెలుసు.

ఒకే జట్టు, మూడు రోజుల తేడా

మహిళల క్వాలిఫయర్లలో గెలుపెవరిదో చెప్పడం చాలాసార్లు పెద్ద విషయమేమీ కాదు. ఎన్ని గోల్స్ తేడా అన్నదే అసలు పరీక్ష. 2021 నవంబర్ 27న సండర్లాండ్‌లో ఇంగ్లండ్ ఆస్ట్రియాను ఓడించింది, స్కోరు 1-0. సరిగ్గా మూడు రోజుల తరవాత, నవంబర్ 30న, డాంకాస్టర్‌లో అదే ఇంగ్లండ్ లాత్వియాను ఓడించింది, స్కోరు 20-0. రెండూ 2023 ప్రపంచ కప్ క్వాలిఫయర్లే, ఒకే గ్రూపులోవే. ఆ గ్రూపులో ఇంగ్లండ్ పది మ్యాచ్‌లూ గెలిచి 80 గోల్స్ కొట్టింది, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. అదే నెలలో బెల్జియం ఆర్మేనియా మీద 19-0తో గెలిచింది.

ఇంత తేడా ఎందుకు వస్తుంది? ఒక వైపు ఏడాదంతా జీతం తీసుకుని ఆడే వృత్తి క్రీడాకారిణులు. రెండో వైపు పగలు ఉద్యోగమో చదువో చేసుకుని సాయంత్రం సాధన చేసేవాళ్లు. మొదటి గంటసేపు రెండో జట్టు ఎలాగో పట్టుకుని ఉంటుంది. కాళ్లు బరువెక్కాక, బలమైన జట్టు బెంచీ మీది నుంచి అలసట లేని మరో ఐదుగురిని దించాక గేట్లు తెరుచుకుంటాయి. దానికి తోడు గోల్స్ తేడా లెక్కకు వచ్చే టోర్నీలో పది గోల్స్ కొట్టాక కూడా ఆగడానికి కారణం ఉండదు. కాబట్టి తేడా ఊహించేటప్పుడు మూడు సంగతులు చూడండి: బలహీన జట్టు ఇంతకుముందు ఇలాంటి బలమైన జట్ల మీద ఎన్ని గోల్స్ ఇచ్చింది, బలమైన జట్టుకు గోల్స్ అవసరం ఉందా, మూడు రోజుల్లో మరో పెద్ద మ్యాచ్ ఉందా. లాత్వియా ఇంగ్లండ్‌తో తమ గడ్డ మీద ఆడిన మ్యాచ్‌లో అప్పటికే 10-0తో ఓడింది. పాత స్కోరు చూసినవాడు డాంకాస్టర్‌లో "నాలుగు గోల్స్ తేడా" అని రాసి ఉండడు.

యూరప్ విషయంలో మాత్రం ఈ పాత స్కోర్లు మిమ్మల్ని తప్పుదారి పట్టించవచ్చు. 2023లో నేషన్స్ లీగ్ మొదలయ్యాక జట్లను బలాన్ని బట్టి ఎ, బి, సి లీగులుగా విడదీశారు. యూరప్ దేశాల కప్ అయిన యూరోకు 2025లో క్వాలిఫయర్లు కూడా అలాగే జరిగాయి. ఎ లీగులో నాలుగేసి జట్ల గ్రూపులు నాలుగు, ఒక్కో గ్రూపు నుంచి మొదటి రెండు జట్లకు నేరుగా ప్రవేశం, మిగతావాళ్లకు ప్లేఆఫ్ దారి, అంటే మిగిలిన చోట్ల కోసం మరో విడత పోటీ. ఈ ఏర్పాటులో ఇంగ్లండ్‌కు లాత్వియా ఎదురుపడదు. అందువల్ల ఎ లీగు మ్యాచ్‌లలో డ్రా గిన్నెకు రెండు పిక్కలైనా ఇవ్వాలి, గోల్స్ తేడా ఒకటో రెండో అనుకోవాలి. ఆసియాలో తొలి దశ గ్రూపుల్లో మాత్రం 13-0లు ఇంకా వస్తూనే ఉన్నాయి.

జట్టు జాబితా వచ్చేదాకా గిన్నె మీద మూత

మ్యాచ్‌కు గంట ముందు తుది జట్టు పేర్లు బయటికి వస్తాయి. మా నియమం ప్రకారం అప్పటిదాకా పిక్కలు అటూ ఇటూ మార్చుకోవచ్చు, తరవాత మూత పడుతుంది. ఈ పేర్లు మహిళల మ్యాచ్‌లకు వార్తాపత్రికల్లో ఎక్కువగా దొరకవు. ఆయా దేశాల ఫుట్‌బాల్ సమాఖ్యల సొంత ఖాతాల్లోనే చూడాలి. భాష రాకపోయినా పేర్లూ జెర్సీ అంకెలూ అర్థమవుతాయి.

జాబితాలో నేను మొదట చూసేది గోల్‌కీపర్‌ని. పెద్ద జట్లకు ఒకరు పోతే ఇంకొకరు ఉంటారు. 2023 ప్రపంచ కప్‌కు ముందు మోకాలి గాయాలతో లేయా విలియమ్సన్, బెత్ మీడ్ ఇద్దరూ దూరమైనా ఇంగ్లండ్ ఫైనల్ దాకా వెళ్లింది, స్పెయిన్ చేతిలో 1-0తో ఓడింది. చిన్న జట్టుకు ఆ వెసులుబాటు ఉండదు. అలవాటైన కీపర్ లేకపోతే బలమైన జట్టు గిన్నెకు ఇంకో పిక్క, గోల్స్ తేడా అంచనాకు ఇంకో రెండు గోల్స్ కలిపేయండి. తరవాత విదేశీ క్లబ్బుల్లో ఆడే అమ్మాయిలు వచ్చారా లేదా చూడండి. ఫిఫా కేటాయించిన అంతర్జాతీయ తేదీల్లో క్లబ్బులు వాళ్లను విడిచిపెట్టి తీరాలి. ఆ తేదీల బయట మ్యాచ్ పెడితే విడిచిపెట్టాలన్న నిర్బంధం లేదు.

వాతావరణం, ప్రయాణం వంటివి గుర్తుంచుకోవాలి గాని వాటి పేరుతో అర పిక్క కంటే ఎక్కువ కదపడం నాకు ఇష్టం ఉండదు. పిక్కను సగం చేయలేం కాబట్టి అసలు కదపను.

డబ్బుతో ఎందుకు కాదు

ఇప్పుడు లెక్క. ఏదో ఒక మ్యాచ్‌కు పందెం కట్టించుకునేవాడు సొంత మైదానంలో ఆడే జట్టు గెలుపుకు 1.30, డ్రాకు 5.00, ఎదుటి జట్టు గెలుపుకు 9.00 అని ధర పెట్టాడనుకుందాం. అంటే వంద కడితే, గెలిచినప్పుడు అసలుతో కలిపి 130, 500, 900 వస్తాయి. ఆ ధర వెనక అతను ఒప్పుకుంటున్న అవకాశం ఎంతో తెలుసుకోవడానికి వందను ధరతో భాగించండి. 76.9, 20, 11.1 వస్తాయి. కూడితే 108. నూటికి నూరే ఉండాలి కదా, ఆ ఎనిమిది ఎక్కడి నుంచి వచ్చింది? అది అతని వాటా. రొయ్యల కాటా దగ్గర కిలోకు ఇన్ని గ్రాములని తరుగు తీసినట్టే, ఫలితం రాకముందే తీసేసుకున్నాడు. మీరు అతనికంటే కాస్త తెలివైనవారైతే సరిపోదు, ఆ తరుగును మించినంత తెలివైనవారు కావాలి.

క్వాలిఫయర్లలో ఇది మరీ ఘోరం. ఇంగ్లండ్, లాత్వియా లాంటి మ్యాచ్‌కు ధర 1.01 దగ్గర ఉంటుందనుకోండి. వంద కడితే లాభం ఒక్క రూపాయి. అలాంటివి 99 గెలిచి ఒకటి ఓడితే చేతికి 99 వచ్చి 100 పోతాయి. గెలుపెవరిదో అందరికీ తెలిసిన చోట డబ్బు పుట్టదు. తెలియని చోట, అంటే చిన్న దేశాల మధ్య మ్యాచ్‌లలో, ఆటగాళ్లకు వచ్చేది తక్కువ, చూసే కళ్లు తక్కువ. ఎవరైనా లోపల చెయ్యి పెట్టి ఫలితం తారుమారు చేయడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. మీరు పట్టికలూ పాయింట్లూ చదివి వేసిన అంచనా అక్కడ దేనికీ కొరగాదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. ఆంధ్రప్రదేశ్ 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నడపడాన్నీ, వాటి ప్రకటనలనూ, వాటికి బ్యాంకుల ద్వారా చెల్లింపులు జరపడాన్నీ దేశమంతటా నిషేధించింది. అయినా ఫోనుకు సందేశాలు వస్తూనే ఉంటాయి. మా వీధిలో ఒక కుర్రాడు క్రికెట్ సీజన్‌లో చెరువు లీజు డబ్బు మొత్తం అలాంటి యాప్‌లో పోశాడు. వాళ్ల నాన్న ఇప్పుడు ఆ చెరువు మమ్మల్నే తీసుకోమని అడుగుతున్నారు. అడిగించుకోవడం నాకూ కష్టంగానే ఉంది.

పిక్కల లెక్క

ఒక్కొక్కరికి పది పిక్కలు. మూడు గిన్నెలు: ఒక జట్టు గెలుపు, డ్రా, ఎదుటి జట్టు గెలుపు. మీకున్న నమ్మకాన్ని బట్టి పంచండి. ఫలితం వచ్చాక తప్పు మార్కులు ఇలా వేయాలి: జరిగిన ఫలితం గిన్నెలో పదికి ఎన్ని తక్కువ ఉన్నాయో దాని వర్గం, మిగిలిన రెండు గిన్నెల్లో ఉన్న పిక్కల వర్గాలు, ఈ మూడూ కూడండి. తక్కువ వచ్చినవారు గెలిచినట్టు.

భారత్, థాయ్‌లాండ్ మ్యాచ్‌నే వేసి చూపిస్తాను. ఒకరు భారత్‌కు 3, డ్రాకు 2, థాయ్‌లాండ్‌కు 5 వేశారనుకోండి. భారత్ గెలిచింది. భారత్ గిన్నెలో 7 తక్కువ, వర్గం 49. డ్రా 4, థాయ్‌లాండ్ 25. మొత్తం 78. ఇంకొకరు ర్యాంకులు చూసి ధీమాగా 0, 1, 9 వేశారు. 100, 1, 81, మొత్తం 182. మంగోలియా మ్యాచ్‌లో భారత్‌కు పదీ వేసినవారికి సున్నా, తొమ్మిది వేసి ఒకటి డ్రాకు ఇచ్చినవారికి 2. చూశారా, అతి ధీమాకు పడే దెబ్బ ఎంత పెద్దదో, జాగ్రత్తకు అయ్యే ఖర్చు ఎంత చిన్నదో. బరి దగ్గర పుంజు రంగు చూసి ఉన్నదంతా ఒకదాని మీద కాసే అలవాటు మా వైపు మనుషులకు ఈ వర్గాల లెక్క వల్లనే వదులుతుంది. మా బావకు ఇంకా వదల్లేదు.

గోల్స్ తేడాకు వేరే పేజీ పెట్టుకోండి. ఒకటి, రెండు లేదా మూడు, నాలుగు నుంచి ఆరు, ఏడు ఆపైన, ఇలా నాలుగు గడులు. గెలుపు మీద నలుగురూ తొమ్మిదికి మించి పిక్కలు వేసిన మ్యాచ్‌లకే ఈ పేజీ తెరుస్తాం. లేకపోతే ఆ మ్యాచ్‌లలో అందరికీ సున్నాలే వచ్చి పుస్తకం నిద్రపోతుంది.

టోర్నీ అయ్యాక మొత్తం కూడి, అందరికంటే తక్కువ తప్పు మార్కులు వచ్చినవారు మిగతా ముగ్గురికీ ఆత్రేయపురం పూతరేకులు తెచ్చిపెట్టాలి. గెలిచినవారు ఖర్చు పెట్టాలి కాబట్టి ఇది ఏ చట్టం కిందా పందెం కాదని మా లైన్‌మన్ గారి వాదన. ఆయన వరసగా గెలుస్తున్నారు, పాపం.

చివరగా, మ్యాచ్ జరగకపోతే ఏమి చేయాలో ముందే రాసి సంతకాలు పెట్టించుకోండి, లేకపోతే తగువు తప్పదు. 2022 ఆసియా కప్ మన దేశంలోనే జరిగింది, ప్రపంచ కప్‌కు దారి కూడా అదే. జనవరి 20న భారత్ ఇరాన్‌తో 0-0గా ఆడింది. 23న చైనీస్ తైపీతో ఆడాల్సిన రోజుకు జట్టులో కరోనా వ్యాపించి, కనీసం ఉండాల్సిన 13 మంది క్రీడాకారిణులు కూడా లేకపోయారు. భారత్ టోర్నీ నుంచి తప్పుకున్నట్టు లెక్కగట్టారు, ఇరాన్‌తో ఆడిన మ్యాచ్ ఫలితం కూడా చెల్లకుండా పోయింది. మా నియమం ఇది: ఆడని మ్యాచ్‌కు పిక్కలు ఎవరివి వారికి వెనక్కి, అధికారులు ఇచ్చే 3-0 ఫలితం మా పుస్తకంలో ఎక్కదు. ఆడాక రద్దయిన మ్యాచ్‌కు మాత్రం మైదానంలో కనిపించిన స్కోరే లెక్క.